ప్రభుత్వ శాఖలు లెక్కలు ఆ పద్ధతిలోనే ఎందుకు రాస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

బడ్జెట్ వచ్చినప్పుడో, కాగ్ నివేదిక బయటికొచ్చినప్పుడో, ఏదో శాఖలో పెండింగ్ బిల్లులు పేరుకుపోయాయని వార్త వచ్చినప్పుడో చాలామందికి ఒకే అనుమానం వస్తుంది. అంత బాకీ ఉంటే లెక్కల్లో ఎందుకు కనబడలేదు? ఎవరో దాచారా, లేక లెక్క రాసే పద్ధతే అంతా? చాలాసార్లు రెండోదే. అకౌంటెన్సీ చదవని వాళ్లకు కూడా అర్థమయ్యేలా, తరచూ ఎదురయ్యే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను.

లెక్కల పద్ధతిని శాఖ తానే ఎంచుకుంటుందా?

చాలావరకు లేదు. ఈ విషయం ముందే తేలిపోతే మిగతాదంతా సులువు.

పద్ధతిని నిర్ణయించేది చట్టం, ఆర్థిక శాఖ, ఆడిటర్, ప్రమాణాలు రాసే మండళ్లు. భారత్‌లో కేంద్రం, రాష్ట్రాల లెక్కలు ఏ రూపంలో ఉండాలో కాగ్ సలహా మీద రాష్ట్రపతి నిర్ణయిస్తారని రాజ్యాంగం 150వ అధికరణ చెబుతుంది. అమెరికాలో రాష్ట్రాలు, స్థానిక సంస్థల ప్రమాణాలకు 1984లో ఒక మండలి, ఫెడరల్ ప్రభుత్వ ప్రమాణాలకు 1990లో వేరొకటి ఏర్పడ్డాయి. న్యూజిలాండ్‌లో 1989 నాటి పబ్లిక్ ఫైనాన్స్ చట్టమే శాఖల్ని కొత్త పద్ధతికి మార్చింది.

శాఖ చేతిలో మిగిలేది కొంచెమే. ఒక భవనం ఎన్నేళ్లు నిలుస్తుందనుకోవాలి, రావలసిన బాకీల్లో ఎంత రాదనుకోవాలి, ఫలానా ఖర్చును ఏ పద్దు కింద చూపాలి, బిల్లును ఈ నెల పంపాలా వచ్చే నెలా, ఇలాంటివి. చూడ్డానికి చిన్న విషయాలే, కానీ చాలా గొడవలు పుట్టేది ఇక్కడే.

ఒక్కమాటలో చెప్పాలంటే, శాఖ ఎవరికి జవాబు చెప్పాలి, వాళ్లు ఏం అడుగుతున్నారు అన్నదాన్ని బట్టి పద్ధతి వస్తుంది. "మేం ఇచ్చిన డబ్బు ఏమైంది?" అని చట్టసభ అడిగితే ఒక రకం లెక్క కావాలి. "ఈ సేవకు నిజంగా ఎంత ఖర్చయింది?" అంటే ఇంకో రకం కావాలి. "రాబోయే ముప్పై ఏళ్లలో మనం ఎంత కట్టాల్సి ఉంటుంది?" అంటే మూడో రకం. ఒకే పుస్తకం ఈ మూడింటికీ జవాబు చెప్పలేదు.

నగదు పద్ధతి, అక్రూవల్ పద్ధతి అంటారు. తేడా ఏంటి?

నగదు పద్ధతిలో డబ్బు చేతులు మారిన రోజు లెక్క రాస్తారు. అక్రూవల్ పద్ధతిలో డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా, బాధ్యత ఏర్పడినప్పుడు లేదా వనరు వాడినప్పుడు రాస్తారు. ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. ఒక కొనుగోలు వెంట నడిస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుందనుకోండి. ఆరోగ్య శాఖ జనవరిలో మందులకు ఆర్డర్ ఇచ్చింది. మార్చి రెండో వారంలో మందులు స్టోర్‌కి చేరాయి, స్టోర్ వాళ్లు లెక్కపెట్టి స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించారు. బిల్లు ట్రెజరీకి వెళ్లింది కానీ ఆమోదం ఆలస్యమై, సరఫరాదారు ఖాతాలో డబ్బు పడింది జూన్‌లో. మందులు మార్చి చివరి నుంచి ఆగస్టు దాకా రోగులకు అందాయి.

ఇప్పుడు ఇది ఏ ఏడాది ఖర్చు?

నగదు పద్ధతి ప్రకారం జూన్‌ది, అంటే కొత్త సంవత్సరానిది. పాత సంవత్సరం లెక్కల్లో ఆ మందుల ఊసే ఉండదు, బాకీ ఊసూ ఉండదు. అక్రూవల్ ప్రకారం మార్చిలోనే ఒకవైపు స్టాకు, ఇంకోవైపు సరఫరాదారుకు ఇవ్వాల్సిన అప్పు పుస్తకంలోకి ఎక్కుతాయి. మందులు వాడినంత మేరకే ఖర్చు, కాబట్టి మార్చిలో వాడినవి పాత సంవత్సరానికి, మిగతావి కొత్త సంవత్సరానికి. ఒప్పంద బాధ్యతల్ని లెక్కలో రాసే పద్ధతి మూడోది ఉంది. అందులో జనవరిలో ఆర్డర్ మీద సంతకం పడగానే బడ్జెట్‌లో అంత సొమ్ము పక్కన పెట్టేసినట్టే, ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు.

మధ్యేమార్గాలూ ఉన్నాయి. కొన్ని ప్రభుత్వాలు నగదు పద్ధతిలోనే ఉంటూ, సంవత్సరం ముగిశాక కొన్ని వారాలు పుస్తకాలు తెరిచే ఉంచి, ఆలోపు చెల్లించిన పాత బిల్లుల్ని పాత సంవత్సరంలోనే చూపుతాయి. అమెరికాలో రాష్ట్రాలు, స్థానిక ప్రభుత్వాల సాధారణ నిధులకు సవరించిన అక్రూవల్ అనే పద్ధతి ఉంది. ఈ ఏడాది ఖర్చులకు పనికొచ్చేంత త్వరగా చేతికొచ్చే ఆదాయాన్నే అందులో ఆదాయంగా రాస్తారు.

కొనుగోలు ఒక్కటే, మందులూ అవే. అయినా "ఈ ఏడాది మందులకు ఎంత ఖర్చు పెట్టారు?" అన్న ప్రశ్నకు నాలుగు నిజాయితీ గల జవాబులు వస్తాయి.

నగదు పద్ధతి ఇంత అసంపూర్ణమైతే ఇంకా ఎందుకు పట్టుకుని వేలాడుతున్నారు?

వేలాడడం అనను. దానికి గట్టి కారణాలే ఉన్నాయి, వాటిని తక్కువ చేసి మాట్లాడడం నాకు నచ్చదు.

చట్టసభ ఏటా డబ్బు మంజూరు చేస్తుంది. ఫలానా పనికి, ఇంత మొత్తం, ఈ ఏడాదిలోపు. ఆ హద్దు దాటారా లేదా అని తేల్చడానికి నగదు లెక్కంత సూటిగా ఉండేది మరొకటి లేదు. డబ్బు ఖజానా నుంచి వెళ్లిందా లేదా, వెళితే ఏ తేదీన, ఎవరికి, ఏ పద్దు కింద? ఇందులో అంచనాలకు చోటు లేదు. అక్రూవల్‌లో తరుగుదల (ఆస్తి అరుగుతున్న కొద్దీ ఏటా తగ్గే విలువ) ఎంత, మొండి బాకీ ఎంత, పెన్షన్ భారం ఎంత అన్నవన్నీ ఎవరో ఒకరి అంచనాలే.

భారత్ లెక్కల్లో ఈ అదుపు ఎంత లోతుగా ఉంటుందో పద్దుల సంఖ్యలు చూస్తే తెలుస్తుంది. ప్రతి ఖర్చుకూ ఆరు అంచెల వర్గీకరణ ఉంటుంది, పైన నాలుగంకెల మేజర్ హెడ్. 2202 అంటే సాధారణ విద్య, 2210 అంటే వైద్యం, ప్రజారోగ్యం. మొదటి అంకె 2 లేదా 3 అయితే రెవెన్యూ ఖర్చు (జీతాల్లాంటి రోజువారీ ఖర్చు), 4 లేదా 5 అయితే మూలధన ఖర్చు (ఆస్తులు కట్టే ఖర్చు), 8 అయితే చాలావరకు ప్రజా ఖాతా (డిపాజిట్లలా ప్రభుత్వం దగ్గర ఉంచిన డబ్బు). బిల్లు మీద ఈ నంబరు తప్పుపడితే ట్రెజరీ వెనక్కి పంపుతుంది. శాసనసభ ఆమోదించిన పద్దుకూ, ట్రెజరీలో పాసైన బిల్లుకూ మధ్య నేరుగా దారం ఉంటుంది. ఆ దారం తెగకూడదన్నదే నగదు పద్ధతిని వదలకపోవడానికి అసలు కారణం.

ఇంకో సంగతి కూడా చూడాలి. జీతాలు ఇవ్వాలంటే, అప్పు కిస్తీ కట్టాలంటే ఈ నెల ఖజానాలో ఎంత ఉందన్నదే ముఖ్యం. ఎంత అందమైన ఆస్తి అప్పుల పట్టీ ఉన్నా జీతాల రోజు అది అక్కరకు రాదు.

కంపెనీలన్నీ అక్రూవల్‌లోనే లెక్కలు రాస్తున్నప్పుడు ప్రభుత్వానికి ఏం అడ్డం?

కంపెనీకి అమ్మకం ఉంటుంది, దాని వెనుక ఖర్చు ఉంటుంది, రెండింటినీ ఒకే కాలంలో పక్కపక్కన పెడితే లాభమో నష్టమో తెలుస్తుంది. అక్రూవల్ బలమంతా ఈ జోడింపులోనే ఉంది. ప్రభుత్వానికి ఆ జోడీ దొరకదు. పన్ను కట్టినవాడికి అంత విలువైన సేవ అందాలనే నియమం లేదు, బడికి వచ్చే పిల్ల ఫీజు కట్టదు, పోలీస్ స్టేషన్‌కి అమ్మకాలుండవు. కాబట్టి చివర్లో వచ్చే "మిగులు" కంపెనీ లాభంలాంటిది కాదు. విద్యాశాఖలో డబ్బు మిగిలిందంటే శాఖ బాగా పనిచేసిందనా, టీచర్ పోస్టులు నింపలేదనా? ఆ అంకె ఒక్కటే చూసి చెప్పలేం.

అలాగని అక్రూవల్ పనికిరాదని కాదు. ఖర్చు వైపు అది చెప్పే నిజాలు చాలా విలువైనవి.

నగదు లెక్కల్లో కనిపించకుండా పోయేవి ఏమిటి?

ఈ ప్రశ్నకు కొంచెం పెద్ద జవాబే ఇవ్వాలి.

అందరికీ తెలిసినది పెండింగ్ బిల్లులు. కాంట్రాక్టర్ పని పూర్తిచేశాడు, కొలతలు పుస్తకంలో ఎక్కాయి, బిల్లు తయారైంది, డబ్బు మాత్రం విడుదల కాలేదు. నగదు లెక్కలో అది ఖర్చు కాదు, కాబట్టి లోటూ పెరగదు. లోటు అంకె తగ్గించుకోవడానికి చెల్లింపులు ఆపేస్తే చాలు, ఏ నియమమూ ఉల్లంఘించనక్కర్లేదు. ఇక్కడ నష్టపోయేది ఆ కాంట్రాక్టరూ, అతని కింద కూలీలూ. వడ్డీకి తెచ్చి పని చేసినవాడి బాకీ ఏ సర్కారీ పట్టీలోనూ అప్పుగా కనబడకపోవడం నిజంగా అన్యాయం.

దీనికి పూర్తిగా ఎదురుగా పీడీ ఖాతాల వ్యవహారం ఉంటుంది. ఏడాది చివర్లో నిధులు మురిగిపోకుండా బడ్జెట్ పద్దు నుంచి తీసి పర్సనల్ డిపాజిట్ ఖాతాలోకి మార్చేస్తారు. లెక్కల ప్రకారం ఖర్చు అయిపోయినట్టే, నిజానికి ఆ డబ్బు ఇంకా ప్రజా ఖాతాలోనే కూర్చుని ఉంటుంది, పని మొదలే కాలేదు. పలు రాష్ట్రాల మీద ఇచ్చిన నివేదికల్లో కాగ్ దీన్ని ఎత్తిచూపుతూనే ఉంది. పెండింగ్ బిల్లులో పని జరిగింది, ఖర్చు కనబడదు. ఇక్కడ ఖర్చు కనబడుతుంది, పని జరగలేదు.

ఆ తర్వాత పెన్షన్లు. ఉద్యోగి ఈ రోజు చేసే పనికి ముప్పై ఏళ్ల తర్వాత ఇవ్వాల్సిన పెన్షన్ ఈ రోజే బాధ్యతగా పుడుతుంది, నగదు పద్ధతి దాన్ని చూడదు. 2004 జనవరి 1 నుంచి చేరిన కేంద్ర ఉద్యోగులకు, సాయుధ బలగాలు మినహా, కొత్త పెన్షన్ విధానం వచ్చింది. దాంతో ప్రభుత్వం తన వాటాను నెలనెలా కట్టాల్సి వచ్చింది, ఆ ఖర్చు వెంటనే లెక్కలో కనబడింది. 2022 నుంచి కొన్ని రాష్ట్రాలు పాత పెన్షన్‌కు తిరిగి వెళతామన్నప్పుడు ఇదే విషయం తిరగబడింది. నెలవారీ వాటా కట్టడం ఆగుతుంది కాబట్టి నగదు లెక్కలో కొన్నేళ్ల పాటు ఆదా అయినట్టు కనిపిస్తుంది, భారం మాత్రం తర్వాతి దశాబ్దాల మీద పడుతుంది. ఏ పెన్షన్ న్యాయమైనదో అది వేరే చర్చ, దానికి రెండు వైపులా బలమైన వాదనలున్నాయి. కానీ ఆ చర్చ చేస్తున్నవాళ్ల ముందున్న అంకె పూర్తి అంకె కాదు.

చివరగా ఆస్తుల అమ్మకం. ప్రభుత్వ భూమి అమ్మితే నగదు వచ్చింది, జమ పడింది. భూమి పోయిన సంగతి రాయడానికి ఆ పుస్తకంలో చోటే లేదు.

అప్పు ఇవ్వడం కన్నా గ్యారంటీ ఇవ్వడానికే ప్రభుత్వాలు ఎందుకు ఇష్టపడతాయి?

ఇందులో సగం లెక్కల పద్ధతి మహిమే. ప్రభుత్వం ఒక సంస్థకు 1,000 కోట్లు నేరుగా అప్పిచ్చిందనుకోండి. నగదు లెక్కలో ఈ ఏడాదే 1,000 కోట్లు బయటికి వెళ్లాయి, అదంతా తిరిగి వచ్చే అప్పైనా సరే. అదే సంస్థ బ్యాంకులో 1,000 కోట్లు తీసుకుంటే ప్రభుత్వం హామీ సంతకం పెట్టింది. ఈ ఏడాది ఖర్చు సున్నా, ఆ సంస్థ రేపు కచ్చితంగా ఎగ్గొడుతుందని అందరికీ తెలిసినా సరే. రెండు సందర్భాల్లోనూ ప్రభుత్వం నెత్తిన ఉన్న రిస్క్ దాదాపు ఒకటే. కానీ పుస్తకం ఒకదాన్ని భారీ ఖర్చుగా, రెండోదాన్ని ఉచితంగా చూపిస్తే, అధికారులు ఎటు మొగ్గుతారో వేరే చెప్పాలా?

అమెరికా దీన్ని 1990లో ఫెడరల్ క్రెడిట్ రిఫార్మ్ చట్టంతో సరిచేసుకుంది. అప్పైనా గ్యారంటీ అయినా, దాని మొత్తం కాలంలో ప్రభుత్వానికి చివరికి ఎంత నికర ఖర్చు పడుతుందో నేటి విలువలో అంచనా వేసి, ఆ మొత్తాన్నే బడ్జెట్‌లో చూపాలి. మిగతా ఫెడరల్ బడ్జెట్ చాలావరకు నగదు మీదే నడుస్తున్నా, ఈ ఒక్క చోట అక్రూవల్ ఆలోచన తెచ్చి పెట్టారు. నా దృష్టిలో ఇది తెలివైన సంస్కరణ. మొత్తం ఇల్లు పడగొట్టకుండా కారుతున్న చోట మాత్రం బాగుచేశారు.

భారత్‌లో గ్యారంటీలను ఎలా వెల్లడించాలో చెప్పే ప్రమాణం ఉంది. కాగ్ 2002లో ఏర్పాటు చేసిన గసాబ్ అనే మండలి తయారు చేసిన ప్రమాణాల్లో మొదటిదే అది. వెల్లడించడం వేరు, ఖర్చుగా రాయడం వేరు. అయినా అసలు కనబడకపోవడం కన్నా వెల్లడించడం మేలే.

ఏడాది చివర్లో శాఖలు ఎడాపెడా ఖర్చు చేయడానికీ నగదు పద్ధతికీ సంబంధం ఉందా?

ఉంది. అయితే ఇక్కడ నేరం మొత్తం నగదు పద్ధతి మీద వేయలేం. మిగిలిన డబ్బు సంవత్సరాంతానికి మురిగిపోవాలి అన్న నియమమే ప్రధాన కారణం. రెండూ కలిస్తే, మార్చి 31 లోపు చెల్లింపు జరిగితేనే అది ఈ ఏడాది ఖర్చు, లేకపోతే నిధులు పోతాయి, వచ్చే ఏడాది కేటాయింపూ తగ్గుతుందన్న భయం పుడుతుంది. ఏడాది చివరి నెలల్లో ఖర్చు ఎగబడితే అది ఆర్థిక క్రమశిక్షణకు విరుద్ధమని భారత కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలే చెబుతున్నాయి. అయినా మార్చిలో ట్రెజరీల దగ్గర ఉండే టెన్షన్ తగ్గలేదు.

అమెరికా ఫెడరల్ కొనుగోళ్ల మీద 2017లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, సంవత్సరం చివరి వారంలో ఖర్చు మిగతా వారాల సగటుకు దాదాపు ఐదు రెట్లు ఉందని, ఆ వారంలో కొన్న ఐటీ ప్రాజెక్టుల నాణ్యత తక్కువగా ఉందని తేలింది. మిగిలిన డబ్బును ఐటీ కోసం వచ్చే ఏడాదికి తీసుకెళ్లే వీలున్న న్యాయశాఖలో మాత్రం ఆ నాణ్యత పడిపోవడం కనిపించలేదు. లెక్కల పద్ధతి మార్చకుండానే నియమం సడలిస్తే ఫలితం వచ్చిందన్నమాట.

అక్రూవల్‌కు ముందుగా వెళ్లిన దేశాలు ఎందుకు వెళ్లాయి?

న్యూజిలాండ్ కథ చెప్పాలి. 1980ల్లో ఆ దేశం అప్పుల్లో కూరుకుపోయి, ప్రభుత్వం చేసే ప్రతి పనినీ తిరిగి చూసుకోవాల్సి వచ్చింది. 1988, 1989లో వచ్చిన రెండు చట్టాలు శాఖాధిపతులకు ఎక్కువ స్వేచ్ఛ ఇచ్చాయి. ఎవరిని తీసుకోవాలి, ఏం కొనాలి, ఎలా చేయాలి అన్నవి వాళ్లిష్టం, బదులుగా ఫలితానికి జవాబుదారీ. స్వేచ్ఛ ఇచ్చినప్పుడు కేవలం "ఎంత డబ్బు వాడావు" అని అడిగితే సరిపోదు, "ఈ సేవ తయారు చేయడానికి మొత్తం ఎంతయింది, భవనాల అరుగుదలతో సహా" అని అడగాలి. అందుకు అక్రూవల్ కావాల్సి వచ్చింది. 1992 కల్లా మొత్తం ప్రభుత్వానికి అక్రూవల్ లెక్కలు ప్రచురించారు. శాఖల చేతిలో ఉన్న ఆస్తుల మీద పెట్టుబడి ఛార్జీ కూడా వేశారు. ఖాళీగా పడి ఉన్న భవనాన్ని ఉంచుకుంటే ఖర్చు, అమ్మితే ఆదా. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని స్థలాల మీద శాఖలకు ఒక్కసారిగా పట్టింపు కలగాలన్నదే ఉద్దేశం.

ఆ లెక్కల అసలు పరీక్ష 2010 సెప్టెంబర్, 2011 ఫిబ్రవరిలో కాంటర్‌బరీ ప్రాంతంలో భూకంపాలు వచ్చినప్పుడు జరిగింది. పరిహారాల చెల్లింపులు ఏళ్ల తరబడి సాగేవే. నగదు పద్ధతి అయితే ఏటా కొంచెం కొంచెంగా కనబడేవి. అక్రూవల్ కాబట్టి బాధ్యత ఏర్పడిన ఆ ఏడాదే పెద్ద మొత్తం ఖర్చుగా పుస్తకంలోకి వచ్చి, 2010–11 లోటు విపరీతంగా పెరిగింది. చేదుగానే ఉంటుంది, కానీ దేశం మీద పడ్డ దెబ్బ ఎంతో ప్రజలకు అప్పుడే తెలిసింది.

బ్రిటన్ 2000లో చట్టం చేసి శాఖల లెక్కలు మార్చింది. ఆసుపత్రులు, స్థానిక సంస్థలు అన్నీ కలిపిన మొత్తం ప్రభుత్వ లెక్కలు 2009–10 సంవత్సరానికి గానీ రాలేదు. ఆస్ట్రేలియా 1999–2000 నుంచి బడ్జెట్‌నే అక్రూవల్‌లో వేసింది.

అక్రూవల్ వస్తే అంకెలతో ఆటలు ఆగిపోతాయా?

ఆగవు, చోటు మారుతుంది అంతే. నగదు పద్ధతిలో తేదీలతో ఆడతారు, అక్రూవల్‌లో అంచనాలతో ఆడే వీలుంటుంది. భవనం ఆయుష్షు 40 ఏళ్ల నుంచి 60కి పెంచితే ఈ ఏడాది తరుగుదల తగ్గిపోతుంది. ముప్పై ఏళ్ల తర్వాతి పెన్షన్‌ను నేటి విలువకు మార్చడానికి వాడే వడ్డీ రేటు ఒక్క శాతం మారినా, ఒక్క పెన్షనర్ కూడా మారకుండానే, బాధ్యత అంకె భారీగా ఊగుతుంది.

బ్రిటన్‌లో ప్రైవేటు సంస్థలు ఆసుపత్రులు, బడులు కట్టి ప్రభుత్వం నుంచి దశాబ్దాల పాటు అద్దెలాంటి చెల్లింపులు తీసుకునే పథకం నడిచింది. చాలాకాలం వాటి భారం ప్రభుత్వ అప్పుగా కనబడలేదు. తర్వాత శాఖల లెక్కలు అంతర్జాతీయ ప్రమాణాలకు మారినప్పుడు చాలా ఒప్పందాలు శాఖల ఆస్తి అప్పుల పట్టీలోకి వచ్చాయి, కానీ జాతీయ గణాంకాల నియమాల ప్రకారం వాటిలో చాలావాటిని ప్రభుత్వ అప్పులో కలపలేదు. ఒకే ఆసుపత్రి, ఒక పుస్తకంలో అప్పు, ఇంకో పుస్తకంలో అప్పు కాదు. 2018లో కొత్త ఒప్పందాలు ఆపేశారు.

అందుకే నేను ఎప్పుడూ చెప్పేది: పద్ధతి కన్నా, ఆ అంచనాలను ప్రశ్నించే స్వతంత్ర ఆడిటర్ ఉన్నాడా అన్నది ముందు చూడాలి.

ఒకే శాఖలో రెండు మూడు పద్ధతులు ఉండొచ్చా?

ఉంటాయి, చాలా చోట్ల అదే మామూలు. ఫ్రాన్స్ 2001లో చేసిన చట్టం 2006 నుంచి పూర్తిగా అమలైంది. దాని ప్రకారం పార్లమెంటుకు చూపే బడ్జెట్ నగదు, ఒప్పంద బాధ్యతల మీద నడుస్తుంది, సాధారణ లెక్కలు అక్రూవల్‌లో ఉంటాయి. నెదర్లాండ్స్‌లో మంత్రిత్వ శాఖలు నగదు, ఒప్పందాల పద్ధతిలో, వాటి కింది కార్యనిర్వాహక ఏజెన్సీలు అక్రూవల్‌లో.

ఇది గందరగోళం అనిపించొచ్చు. కానీ పని స్వభావాన్ని బట్టి చూస్తే అర్థముంది. సేవను అమ్మి డబ్బు తీసుకునే విభాగానికి, అంటే రైళ్లు, నీటి సరఫరా లాంటివాటికి, ధర నిర్ణయించడానికి పూర్తి ఖర్చు తెలియాలి, అరుగుదలతో సహా. భారత రైల్వే ప్రభుత్వంలో భాగమే అయినా తరుగుదల నిధి నిర్వహించేది అందుకే. ఆ నిధికి చాలినంత జమ చేయడం లేదని కాగ్ పలుమార్లు రాసింది కూడా. మున్సిపాలిటీలకు 2004లో వచ్చిన జాతీయ లెక్కల మాన్యువల్ అక్రూవల్‌నే చెప్పింది, ఎందుకంటే బాండ్లు అమ్మి అప్పు తేవాలంటే మదుపరులు ఆస్తి అప్పుల పట్టీ అడుగుతారు.

పన్నులు వసూలు చేసే శాఖల సంగతి?

అక్కడ అక్రూవల్ చాలా కష్టం. ఆదాయం సంపాదించింది పౌరుడు, లెక్క చెప్పేదీ అతనే, అదీ నెలల తర్వాత. ఈలోగా ఎంత పన్ను "వచ్చినట్టు" రాయాలి? పైగా డిమాండ్ నోటీసు ఇచ్చినంత మాత్రాన డబ్బు రాదు, అప్పీళ్లు, కోర్టులు ఉంటాయి. శాఖ పెంచి వేసిన డిమాండ్లన్నీ ఆదాయంగా రాస్తే ఖజానా కాగితం మీద నిండిపోతుంది. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ఖర్చులను అక్రూవల్‌లో చూపే తన ఆర్థిక నివేదికలో కూడా పన్నుల్ని సవరించిన నగదు పద్ధతిలోనే, అంటే కొద్ది సర్దుబాట్లతో డబ్బు చేతికొచ్చినప్పుడే, చూపుతుంది.

రోడ్లు, కోటలు, యుద్ధనౌకలకు విలువ ఎలా కడతారు?

రోడ్లకు కొన్ని చోట్ల మళ్లీ కట్టాలంటే ఎంతవుతుందో చూసి, అరిగినంత తీసేస్తారు. యుద్ధనౌకలకు తరచుగా కొన్న ధరలోంచి తరుగుదల తీసేస్తారు. చారిత్రక కట్టడాలకు చాలా ప్రభుత్వాలు విలువ కట్టకుండా వివరాలు మాత్రం ఇస్తాయి. కోటకు అంకె వేస్తే ఎవరికి ఉపయోగం? రోడ్డుకు వేస్తే మాత్రం ఉపయోగముంది, మరమ్మతు ఎగ్గొట్టిన ప్రతి ఏడాదీ ఆ విలువ పడిపోవడం కనబడుతుంది.

రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చే గ్రాంటుతో బడి కడితే అది ఆస్తి కాదా? రెవెన్యూ ఖర్చుగా ఎందుకు రాస్తారు?

ఆస్తే, కానీ కేంద్రం ఆస్తి కాదు. ఇచ్చినవాడి పుస్తకంలో గ్రాంటు రెవెన్యూ ఖర్చు, దాంతో ఏం కట్టినా సరే. దీనివల్ల రెవెన్యూ లోటు ఎక్కువగా కనబడుతోందన్న వాదనతో 2011–12 బడ్జెట్‌లో, అలాంటి గ్రాంట్లను తీసేసి లెక్కించే "ప్రభావశీల రెవెన్యూ లోటు" అనే కొలమానం తెచ్చారు. రెండు అంకెలూ పక్కపక్కన ఇవ్వడం మంచిదే, ఒకదాని చోట ఇంకోటి పెడితేనే ఇబ్బంది.

మారాలనుకుంటే ఎంతకాలం పడుతుంది?

ఏళ్లు. భారత్‌లో 12వ ఆర్థిక సంఘం అక్రూవల్ వైపు వెళ్లమని చెప్పి రెండు దశాబ్దాలు దాటింది, కేంద్ర, రాష్ట్రాల ప్రధాన లెక్కలు ఇంకా నగదు మీదే ఉన్నాయి. కారణం బద్ధకం ఒక్కటే అనుకోవడం తప్పు. మొదటి రోజు ఆస్తి అప్పుల పట్టీ రాయాలంటే ప్రతి భవనం, ప్రతి ఎకరం, ప్రతి బాకీ లెక్క తేలాలి. పాత దస్తావేజులు దొరకని భూములు, రెండు శాఖలు మాదంటే మాదనే స్థలాలు, ఎవరూ మాది అనని చెరువు గట్లు, వీటన్నిటినీ తేల్చడం అకౌంటెంట్ పని కాదు, రెవెన్యూ, సర్వే వాళ్ల పని. అంతర్జాతీయ ప్రభుత్వ రంగ ప్రమాణాలు కూడా కొత్తగా మారేవాళ్లకు కొన్ని ఆస్తులు, బాధ్యతలు గుర్తించడానికి మూడేళ్ల వెసులుబాటు ఇస్తాయి. అక్రూవల్‌కు సిద్ధంగా లేని దేశాల కోసం 2003లో నగదు పద్ధతికే ఒక ప్రమాణం విడుదల చేశారు, కనీసం ఉన్న పద్ధతినైనా సరిగ్గా పాటించమని.

పూర్తిగా మారేలోపు చేయగలిగినవి చాలా ఉన్నాయి. పెండింగ్ బిల్లుల జాబితా, వాటి వయసుతో సహా, ప్రతి మూడు నెలలకూ ప్రచురించడానికి ఏ కొత్త పద్ధతీ అక్కర్లేదు.

ఒక శాఖ అంకె చూసినప్పుడు అది ఏ పద్ధతిదో ఎలా తెలుసుకోవాలి?

నివేదికలో లెక్కల విధానాల గురించిన నోట్ ఒకటి ఉంటుంది, ముందు అది తెరవండి. "నగదు ప్రాతిపదికన" అని ఉంటే, ఆ ఖర్చు అంకెలో చెల్లించని బిల్లులు లేవు, పెన్షన్ భారం లేదు, గ్యారంటీలు లేవు అని గుర్తుపెట్టుకోండి, వాటికోసం అనుబంధాలు వెతకండి. భారత రాష్ట్రాల విషయంలో అయితే ఫైనాన్స్ అకౌంట్స్‌లో గ్యారంటీల ప్రకటన విడిగా దొరుకుతుంది, రాష్ట్ర ఆర్థిక పరిస్థితి మీద కాగ్ ఇచ్చే నివేదికలో పీడీ ఖాతాల వివరాలు చూడొచ్చు. అక్రూవల్ అని ఉంటే, తరుగుదల కాలాలు, పెన్షన్‌కు వాడిన వడ్డీ రేటు పోయినేడాదికీ ఈ ఏడాదికీ మారాయా అని చూడండి, మారితే లోటు తగ్గడంలో ఎంత భాగం దానివల్లేనో నోట్లలో రాశారేమో వెతకండి. రెండు దేశాల లోటును గానీ రెండు శాఖల ఖర్చును గానీ పోల్చేముందు రెండింటి నోట్లూ చదవండి. ఒకటి నగదులో, ఇంకోటి అక్రూవల్‌లో ఉంటే ఆ పోలిక వదిలేయండి.